చమురు, సహజవాయువు అన్వేషణ – ఉత్పత్తి: సత్యవేడు శిలలు, గోదావరి బావులు

తిరుపతి జిల్లా దక్షిణపు అంచున, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న సత్యవేడులో చమురు బావి లేదు, వాయువు బావీ లేదు. అయినా తూర్పు తీరంలో చమురు వెతుకులాట ఎలా సాగుతుందో తెలుసుకోవాలంటే ఈ ఊరి రాళ్ల దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఇక్కడి గులకరాళ్ల శిలలకు, ఇనుము పట్టిన ఎర్రటి ఇసుకరాళ్లకు భూవిజ్ఞానులు సత్యవేడు శిలాసముదాయం అని పేరు పెట్టారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ పాలారు నదికి ఉత్తరాన ఉన్న ఈ భూభాగం గురించి 1873లో వెలువరించిన గ్రంథంలో వీటిని వివరించాడు. వీటి కింద శ్రీపెరుంబుదూరు సముదాయం ఉంది. అది ప్రధానంగా షేలు, అంటే సన్నని మట్టి పేరుకుని బిగిసిన పొరల రాయి. రెండూ తొలి క్రిటేషస్ కాలానివి, పది కోట్ల ఏళ్లకు పైబడినవి. ఇదే తీరంలో ఉత్తరానికి పోతే ఏలూరు ప్రాంతంలో దాదాపు ఇలాంటి జంటే కనిపిస్తుంది: కింద రాఘవాపురం షేలు, మీద తిరుపతి ఇసుకరాయి. ఆ తిరుపతి మన తిరుపతి కాదు, ద్వారకా తిరుమలగా పేరున్న చిన తిరుపతి. శిలల వరస ఒకే తీరుగా ఉంది, కాలమూ దగ్గరదే. గోదావరి వైపు వాయువు దొరికింది, సత్యవేడు వైపు దొరకలేదు. ఈ తేడాకు కారణం వెతుకుతూ పోతే చమురు శాస్త్రపు మూల పదాలన్నీ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

ఆ పదాలను విడివిడి నిర్వచనాలుగా బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం తక్కువ. బేసిన్, మూల శిల, రిజర్వాయర్, కప్పు శిల, ట్రాప్, ఆవిష్కరణ, వనరు, నిల్వ, ఉత్పత్తి అనేవి ఒక వరసలో నిలిచిన మెట్లు. ముందు మెట్టు మీద తెలిసిన సంగతిని తర్వాతి మెట్టు మీద తెలిసినట్టు చెప్పడానికి వీల్లేదు. కృష్ణా-గోదావరి బేసిన్ గురించి గత పాతికేళ్లలో జరిగిన పెద్ద వివాదాల్లో చాలా భాగం ఈ మెట్లను కలగాపులగం చేయడం వల్ల పుట్టినవేనని ఈ వ్యాసం వాదన.

బేసిన్ అంటే భూమి పైపొర కుంగి, కోట్ల ఏళ్లపాటు నదులూ సముద్రమూ తెచ్చిన మట్టి, ఇసుక పొరలు పొరలుగా పేరుకున్న పల్లం. సత్యవేడు పాలారు బేసిన్‌ పడమటి అంచున ఉంది. బేసిన్ ఉండడం తొలి షరతు మాత్రమే. చమురు పుట్టాలంటే అందులో మూల శిల కావాలి. ప్రాణవాయువు అందని నీటి అడుగున నాచు, ప్లవకాలు, మొక్కల అవశేషాలు కుళ్లిపోకుండా మట్టితో కలిసి షేలుగా మారినప్పుడు మూల శిల ఏర్పడుతుంది. శ్రీపెరుంబుదూరు షేలులో మొక్కల శిలాజాలూ, సముద్ర జీవుల శిలాజాలూ దొరికాయి. అంటే సేంద్రియ పదార్థం ఇక్కడ లేకపోలేదు. అయితే సేంద్రియ పదార్థం దానంతట అది చమురుగా మారదు. దానికి వేడి కావాలి. భూమిలోకి కిలోమీటరు దిగితే ఉష్ణోగ్రత సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య సేంద్రియ పదార్థం విడిపోయి నూనె అవుతుంది. 150 డిగ్రీలు దాటాక ముఖ్యంగా వాయువే మిగులుతుంది. ఈ స్థితినే పరిపక్వత అంటారు. గోదావరి వైపు రాఘవాపురం షేలు మీద తర్వాతి కాలపు అవక్షేపాలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. ఆ బరువు కింద అది ఉడికి, బేసిన్‌లోని ముఖ్యమైన మూల శిలల్లో ఒకటైంది. అంతకంటే పాతదైన, బొగ్గు పొరలున్న కొమ్ముగూడెం శిలలు మండపేట వాయువుకు మూలం. సత్యవేడు వైపు షేలు నేల మీదకే తేలి ఉంది, లేదా కొద్ది లోతులోనే ఉంది. ఇక్కడ అది ఉడికే అవకాశం కలగలేదు. రెండు చోట్లా రాళ్లు ఒకే తరానివైనా వాటి మీద పడిన బరువు వేరు.

మూల శిలలో పుట్టిన చమురు అక్కడే ఉండిపోతే సాధారణ బావికి అందదు. అది నీటికన్నా తేలిక కనుక రాతి రంధ్రాల గుండా పైకి, పక్కకు పాకుతుంది. దీన్ని వలస అంటారు. దారిలో ఇసుకరాయి, సున్నపురాయి వంటి గుల్ల శిల ఎదురైతే అందులో నిండుతుంది. ఆ శిలే రిజర్వాయర్. చమురు భూగర్భంలో చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది ఊహిస్తారు. నిజానికి అది ఇసుక రేణువుల నడుమ, కంటికి కనిపించనంత సన్నని ఖాళీల్లో ఉంటుంది. రాతి ఘనపరిమాణంలో ఖాళీల వాటాను సచ్ఛిద్రత అంటారు. మంచి ఇసుకరాళ్లలో అది 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని పారనిచ్చే గుణం పారగమ్యత. మొదటిది ఎంత పడుతుందో చెబుతుంది, రెండోది ఎంత వేగంగా బయటికి వస్తుందో చెబుతుంది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం ఎంత ఖరీదైన పొరపాటో ముందు చూస్తాం. సత్యవేడు గులకరాళ్ల శిలలు రిజర్వాయర్‌గా మారగల జాతివే. పడమటి నగరి క్వార్ట్‌జైట్ కొండల నుంచి కొట్టుకొచ్చిన గుండ్రాళ్లు, ముతక ఇసుక వీటిలో ఉన్నాయి. ఈ సముదాయానికే చెందిన అల్లికుళి కొండల గుండ్రాళ్లను చెక్కి, దగ్గరలోని అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవులు పదిహేను లక్షల ఏళ్ల కిందట గొడ్డళ్లు చేసుకున్నారు. మనిషికి ఈ శిలలు చేసిన గొప్ప ఉపకారం అదే కావచ్చు. చమురు విషయంలో వీటి లోపం స్పష్టం. వీటిని కప్పి బిగించే పొర పైన లేదు. రిజర్వాయర్ మీద ద్రవాన్ని దాటనివ్వని షేలో, ఉప్పుపొరో కప్పు శిలగా ఉండాలి. ఆ కప్పు వంగి గుమ్మటంలానో, పగులు దగ్గర పొర తెగి అడ్డుగోడలానో ఏర్పడితే చమురు కదలకుండా నిలుస్తుంది. ఆ నిర్మాణమే ట్రాప్. చమురు వలస వచ్చే నాటికే ట్రాప్ సిద్ధంగా ఉండాలి. తర్వాత ఏర్పడితే లాభం లేదు.

ఈ షరతులన్నీ ఒకేచోట కుదరాలి. ఐదు షరతులు ఒక్కొక్కటీ కుదిరే అవకాశం 70 శాతం చొప్పున ఉందనుకుందాం. ఐదూ కలిసి కుదిరే అవకాశం ఆ అంకెలను గుణిస్తే వచ్చే 17 శాతం, అంటే ఆరింట ఒకటి. ప్రతి షరతూ విడిగా చూస్తే ఆశాజనకంగానే ఉంటుంది, కలిపి చూస్తే ఐదు బావులు వట్టిపోయి ఒకటి పలుకుతుంది. కొత్త ప్రాంతంలో తవ్వే తొలి అన్వేషణ బావుల్లో ఎక్కువ భాగం వట్టివి కావడంలో వింత లేదు. నాలుగు బోర్లు వేసి ఒక్కదానిలో నీళ్లు చూసిన రాయలసీమ రైతుకు ఈ లెక్క వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సత్యవేడు దగ్గర నేల మీదున్న రాళ్లను చూసి పాలారు బేసిన్ అంతా వట్టిదని ఎలా తేల్చగలం? తేల్చలేం. ఈ పొరలు తూర్పుకు, సముద్రం వైపుకు వాలుతూ పోతాయి. తీరం దాటాక లోతూ మందమూ పెరుగుతాయి. ఉడికిన షేలు, దాన్ని కప్పిన ఇసుక, ఆ ఇసుక మీద మూత అక్కడ ఉండటానికి అవకాశం ఉంది. ప్రభుత్వం కొత్త అన్వేషణ అనుమతుల విధానం (నెల్ప్) ఆరో విడతలో పాలారు సముద్ర భాగంలో పీఆర్-ఓఎస్‌ఎన్-2004/1 అనే బ్లాకును కెయిర్న్ ఇండియా, ఓఎన్‌జీసీ, టాటా పెట్రోడైన్‌లకు ఇచ్చింది కూడా. బ్లాకు అంటే నిర్ణీత హద్దుల్లో నిర్ణీత కాలం వెతికే హక్కు. అందులో చమురు ఉందన్న హామీ ఏమీ ఉండదు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం దగ్గరగా ఉండటం వల్ల అంతరిక్ష శాఖ ఆంక్షలు అడ్డొచ్చి అక్కడ పని ముందుకు సాగలేదు. కనుక పాలారు సముద్ర భాగం విషయంలో న్యాయంగా చెప్పగల మాట ఒక్కటే: దాన్ని ఇంకా తగినంతగా పరీక్షించలేదు. సరిగా పరీక్షించని బేసిన్‌ను సంపన్నమైనదనడం ఎంత తప్పో వట్టిదనడమూ అంతే తప్పు.

పరీక్ష మొదట తవ్వకంతో జరగదు. భూమి ఆకర్షణలో, అయస్కాంతత్వంలో సూక్ష్మమైన తేడాలు కొలిచి బేసిన్ ఆకారాన్ని స్థూలంగా గీస్తారు. తర్వాత సీస్మిక్ సర్వే. నేల మీద చిన్న పేలుళ్లతోనో, కంపింపజేసే లారీలతోనో, సముద్రంలో గాలి తుపాకులతోనో అలలు పుట్టించి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులను నమోదు చేస్తారు. ఒక గీత వెంబడి చేస్తే టూడీ, విస్తీర్ణమంతా వల పరచినట్టు చేస్తే త్రీడీ. ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పొర లోతునూ, ఆకారాన్నీ ఊహిస్తారు. సీస్మిక్ చిత్రం ట్రాప్‌ను చూపగలదు, కొన్నిసార్లు వాయువు జాడనూ సూచించగలదు. ఆ ఇసుకలో ఉన్నది నీరా, నూనా, ఎంత పారుతుంది అన్న ప్రశ్నలకు నమ్మదగిన జవాబు ఇచ్చేది బావి ఒక్కటే. గోదావరి డెల్టాలో ఓఎన్‌జీసీ 1978లో నరసాపురం దగ్గర తొలి అన్వేషణ బావి తవ్వింది. 1983లో రాజోలు దగ్గర వాయువు దొరికాక ఆ ప్రాంతం దేశపు చమురు పటంలోకి ఎక్కింది.

బావి తవ్వడంలో రాయలసీమకు నేరుగా వాటా ఉంది. ఆ సంగతి మన వైపే చాలామందికి తెలియదు. రిగ్గు తిప్పే పైపు కొసన ఉన్న బిట్టు రాతిని కొరుకుతూ పోతుంటే, పైపు లోపలి నుంచి చిక్కటి ద్రవాన్ని కిందికి పంపుతారు. అది బిట్టును చల్లబరిచి, రాతిపొడిని పైకి తెస్తుంది. దీన్ని డ్రిల్లింగ్ మడ్ అంటారు. దాని అసలు పని వేరే ఉంది. లోతున రాతి రంధ్రాల్లోని ద్రవం విపరీతమైన పీడనంతో బావిలోకి తోసుకురావాలని చూస్తుంది. దాన్ని అణిచి ఉంచేది బావి నిండా నిలిచిన మడ్ బరువే. ఆ బరువు కోసం అందులో బెరైటీస్ పొడి కలుపుతారు. నీటికి నాలుగు రెట్లకు మించిన సాంద్రత ఉన్న ఈ ఖనిజాన్ని మన జనం ముగ్గురాయి అంటారు. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి గని ప్రపంచంలోకెల్లా పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. అక్కడి పొడి విదేశాల చమురు బావులకు ఎగుమతి అవుతుంది. సీమ భూమి చమురు ఇవ్వకపోయినా చమురు బావిని అదుపులో ఉంచే బరువును ఇస్తోంది. మడ్ బరువు చాలకపోతే పొరలోని ద్రవం బావిలోకి చొరబడుతుంది. దాన్ని కిక్ అంటారు. వెంటనే బావి నోటి దగ్గరి బ్లోఅవుట్ ప్రివెంటర్ కవాటాలు మూసి, బరువైన మడ్ పంపి అణచాలి. బరువు మరీ ఎక్కువైతే రాయి పగిలి మడ్ పొరల్లోకి ఇంకిపోతుంది. అదీ ప్రమాదమే. ఈ రెండు హద్దుల నడుమ నడవడానికే అంచెలంచెలుగా ఉక్కు కేసింగ్ దించి, దాని చుట్టూ సిమెంటు నింపుతారు. అదుపు పూర్తిగా తప్పితే జరిగేది బ్లోఅవుట్. కోనసీమలోని పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలో ఎగిసిన మంట 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

బావి తవ్వాక లోపలికి పరికరాలు దించి రాతి విద్యున్నిరోధాన్నీ, సహజ రేడియోధార్మికతనూ, సాంద్రతనూ కొలుస్తారు. ఇది లాగింగ్. తర్వాత బావిని కొంతసేపు పారనిచ్చి ప్రవాహాన్ని, పీడనాన్ని పరీక్షిస్తారు. ద్రవం వచ్చిందని రుజువైతే దాన్ని ఆవిష్కరణ అంటారు. పత్రికల్లో పండగ మొదలయ్యేది ఇక్కడే, మెట్లు తారుమారయ్యేదీ ఇక్కడే. ఒక్క బావి ఒక్క చోటి సంగతి చెబుతుంది. పొర ఎంతదూరం విస్తరించిందో తెలియాలంటే మదింపు బావులు ఇంకా తవ్వాలి. అప్పుడు కూడా భూగర్భంలో మొత్తం ఎంత ఉందన్నది ఒక అంచనా, అందులో ఎంత తీయగలమన్నది ఇంకో అంచనా. చమురు క్షేత్రాల్లో ఉన్నదానిలో మూడో వంతు రావడం సాధారణం. వాయువైతే 70 శాతానికి మించి రావచ్చు. ఈ నిష్పత్తిని రికవరీ ఫ్యాక్టర్ అంటారు. ఇంకా తవ్వి చూడని ట్రాపుల్లో ఉండవచ్చని ఊహించేవి సంభావ్య వనరులు. దొరికినా ధర, సాంకేతికత, అనుమతులు కుదరక ఆగినవి షరతులకు లోబడిన వనరులు. దొరికి, తీయడానికి ప్రణాళిక ఉండి, అమ్మితే ఖర్చుకు మించి ఆదాయం వచ్చేవి మాత్రమే నిల్వలు. నిల్వల్లోనూ 90 శాతం నమ్మకంతో చెప్పేది రుజువైన నిల్వ, 50 శాతం నమ్మకంతో చెప్పేది రుజువైనదీ, వచ్చే వీలు ఎక్కువగా ఉన్నదీ కలిపిన లెక్క. ఒకే క్షేత్రానికి ఇవి వేర్వేరు అంకెలు. ఏ మెట్టుదో చెప్పని అంకెకు అర్థం లేదు.

కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ-ఓఎస్‌ఎన్-2001/3 బ్లాకులో 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి వాయువు దొరికింది. అప్పుడు ప్రకటించిన అంకె 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు. దీన్‌దయాళ్ అని పేరు పెట్టిన ఆ క్షేత్రానికి తర్వాత అభివృద్ధి ప్రణాళిక సిద్ధమయ్యేసరికి, లెక్కలోకి వచ్చిన వాయువు దానిలో పదో వంతు దరిదాపుల్లో నిలిచింది. చాలా లోతున, అధిక పీడనంలో, అధిక ఉష్ణోగ్రతలో ఉన్న ఆ రిజర్వాయర్‌కు పారగమ్యత చాలా తక్కువ. వాయువు ఉంది, కానీ పారదు. సచ్ఛిద్రతకూ పారగమ్యతకూ ఉన్న తేడా ఇంత స్పష్టంగా కనిపించిన చోటు మన దేశంలో మరొకటి లేదనిపిస్తుంది. ఉత్పత్తి ఆశించిన స్థాయికి చేరలేదు. చివరికి 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనుక్కుంది. తొలి ప్రకటన అబద్ధమని నేను అనడం లేదు. తొలి మెట్టు మీది ఊహను చివరి మెట్టు మీది నిల్వగా జనానికి వినిపించారు, దాని మీద వేల కోట్ల రూపాయల అప్పు నిలబెట్టారు. తప్పు అక్కడుంది.

రిలయన్స్ 2002లో కనుగొన్న కేజీ-డీ6 కథ ఇంకా చిక్కైనది. అందులోని డీ1, డీ3 క్షేత్రాల్లో తీయదగిన వాయువు 2004 ప్రణాళికలో 3.8 లక్షల కోట్ల ఘనపుటడుగులు. 2006లో సవరించాక అది 10 లక్షల కోట్లు దాటింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల స్థాయిని తాకి, ఆ తర్వాత వేగంగా పడిపోయింది. 2012లో తీయదగిన నిల్వల అంచనాను సుమారు 3 లక్షల కోట్లకు తగ్గించారు. అనుకున్నన్ని బావులు తవ్వకపోవడమే పతనానికి కారణమని ప్రభుత్వ పక్షం, భూగర్భం ఊహించినట్టు లేకపోవడమే కారణమని కంపెనీ పక్షం వాదించాయి. ఖర్చులు రాబట్టుకోవడం మీది తగాదా మధ్యవర్తుల దాకా వెళ్లింది. దీనిలో నిజం తేల్చే సాధనం ఒకటుంది. మూసిన రిజర్వాయర్‌లో వాయువు తీసేకొద్దీ పీడనం ఒక నియమం ప్రకారం తగ్గుతుంది. ఎంత తీస్తే ఎంత తగ్గిందో గీత గీసి పొడిగిస్తే, అందులో మొదట ఎంత ఉందో తెలుస్తుంది. పీడనం వేగంగా పడితే పాత్ర చిన్నదని అర్థం. అయితే డీ1, డీ3 ఇసుకలు లోతు సముద్రపు అడుగున మెలికలు తిరిగిన కాలువల్లో పేరుకున్నవి. వాటిలో ఒక అర మరో అరతో కలవకపోవచ్చు. బావి అందని అరలోని వాయువు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి పీడనం గీత కంపెనీ వాదనకు బలమిచ్చినా, తక్కువ బావులు తవ్వారన్న ఆక్షేపణను పూర్తిగా కొట్టివేయదు. రెండూ కొంత కొంత నిజమని నా అభిప్రాయం. తిరుగులేని సంగతి ఒక్కటే: 2006 నాటి అంకెను రుజువైన నిల్వగా నమ్మి గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు పెట్టుబడి పెట్టినవారు, ఇంధనం రాక వాటిని ఖాళీగా నిలుపుకోవాల్సి వచ్చింది.

అంచనాలన్నీ ఇంత అస్థిరమైతే అసలు వాటిని ప్రకటించడమెందుకని అడగవచ్చు. అంచనాలు ఎప్పుడూ పైకే తప్పవు, కిందికీ తప్పుతాయి. ఓఎన్‌జీసీ 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం కోనసీమ తీరానికి దగ్గరి సముద్రంలో ఉంది. తర్వాత దాని నిర్వహణ కెయిర్న్ చేతికి వచ్చింది. తొలి అంచనాకు రెట్టింపుకు మించి చమురును అది ఇచ్చింది. రిజర్వాయర్‌లోకి నీటిని ఎక్కించి పీడనం నిలబెట్టడం, మళ్లీ త్రీడీ సర్వేలు చేసి వదిలేసిన చోట్ల కొత్త బావులు తవ్వడం దీనికి తోడ్పడ్డాయి. సొంత పీడనంతో చమురు వచ్చే దశ మొదటిది. నీరో, వాయువో ఎక్కించే దశ రెండోది. ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, రసాయనాలు వాడేది మూడోది. ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు నిల్వల అంకె మారడం సహజం. అంకె మారిందని తప్పుపట్టనక్కరలేదు, ఏ ఆధారంతో మారిందో అడగాలి.

బావి నోటి దాకా వచ్చినదాన్ని ఉత్పత్తి అంటారు గానీ, అది వెంటనే పైపులో పంపదగిన సరుకు కాదు. నీరు, ఇసుక, తేలికైన ద్రవ నూనెలు అందులో కలిసి ఉంటాయి. సెపరేటర్లలో వేరు చేసి, తేమ తీసి, అప్పుడు పంపాలి. తేమ, నూనె మిగిలిన వాయువు తడి వాయువు, అవి తీసేసినది పొడి వాయువు. చూడటానికి చిన్న వర్గీకరణ. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి వాయువు కోసం వేసిన ఆ లైనులో తడి వాయువు ప్రవహించిందని, తేమ పైపును లోపలి నుంచి తినేసిందని విచారణలో తేలింది. ఒకదాన్ని మరొకటిగా చూసినందుకు అక్కడ పెట్టుబడిదారులు నష్టపోలేదు, ఇళ్లలో నిద్రపోతున్నవారు కాలిపోయారు.

క్షేత్రం వట్టిపోయాక చేయాల్సిన పనికి పరిత్యాగం అని పేరు. బావిలో అంచెలంచెలుగా సిమెంటు బిరడాలు వేసి, మంచినీటి పొరలను చమురు పొరల నుంచి శాశ్వతంగా వేరు చేసి, పైపులు కోసి, నేలను లేదా సముద్రపు అడుగును యథాస్థితికి తేవాలి. డీ1, డీ3 క్షేత్రాల్లో ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగింది. మన దేశంలో ఇందుకోసం కంపెనీలు సొమ్మును ముందుగానే కూడబెట్టడానికి స్థల పునరుద్ధరణ నిధి పథకం 1999 నుంచి ఉంది. కోనసీమ పొలాల నడుమ ఉన్న పాత బావులకు ఆ నిధి సకాలంలో, సక్రమంగా ఖర్చవుతోందా అన్నది అక్కడి రైతులు అడగవలసిన ప్రశ్న. ఏ బావిని ఏ తేదీన మూశారు, ఎన్ని బిరడాలు వేశారు, తర్వాత ఎవరు తనిఖీ చేశారు అన్న వివరాలు గ్రామ పంచాయతీకి అందుబాటులో ఉంచడం కష్టమైన పనేమీ కాదు.